నవావధానం

అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఫాంటసీ బాస్కెట్‌బాల్ అనే ఊహాక్రీడలో తొమ్మిదిమంది. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్ళు, బ్లాకులు, మూడు పాయింట్ల బుట్టలు, మామూలు విసురుల శాతం, ఫ్రీ త్రోల శాతం, చివరగా టర్నోవర్లు, అనగా బంతిని పోగొట్టుకోవడం. ఈ చివరివాడు అచ్చంగా అప్రస్తుత ప్రసంగి. బంతి ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటుందో వాడే దాన్ని ఎక్కువసార్లు పోగొట్టుకుంటాడు కనుక, పనిమంతుడికే అడ్డు తగులుతాడు.

మైపాడు సముద్రపుటొడ్డున విశ్రాంత తెలుగు పండితుడికి ఈ విద్యతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. మా మనవడు డల్లాసులో ఉంటాడు, పదమూడేళ్ళవాడు. నా తెలుగు వాడికి సగమే అర్థమవుతుంది, వాడి ఇంగ్లీషు నాకు పావువంతు. 2024 అక్టోబరులో తన స్నేహితుల పదిజట్ల లీగులోకి నన్ను సహాయకుడిగా తీసుకున్నాడు. కారణం నా ప్రతిభ కాదు, కాలమానం. శీతకాలంలో అక్కడ సాయంత్రం ఆరయితే మనకు ఉదయం ఐదున్నర. ఆటలు మొదలయ్యే వేళకు వాడు ఈత తరగతిలో ఉంటాడు, నేను కాఫీ ముగించి కూర్చుని ఉంటాను. గాయపడినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఆడగలిగినవాణ్ణి వరుసలోకి తేవడం నా ఉద్యోగం.

జట్టు కట్టే పద్ధతి నాకు కొత్తగా తోచలేదు. మా చిన్నప్పుడు చెడుగుడుకు ఇద్దరేసి జతకట్టి, చాటుగా దొంగపేర్లు పెట్టుకొని వచ్చి, "పులి కావాలా, సింహం కావాలా" అని నాయకుల నడిగేవాళ్ళం. ఇక్కడ దొంగపేర్లు లేవు, అంతే. మొదటి వరుసలో చివర ఎంచుకున్నవాడు రెండో వరుసలో మొదట ఎంచుకుంటాడు. సాలు చివర ఎద్దులు మళ్ళినట్టు వంతు మళ్ళుతుంది. బలహీనమైన అంశాన్ని ముందే వదులుకొని మిగిలినవాటిలో బలపడడం ఇందులో ఒక గొప్ప వ్యూహమట. దానికి వాడేదో పెద్ద పేరు చెప్పాడు. పదో తరగతి పిల్లలు పాఠాలను చాయిస్‌లో వదిలేయడమే కదా అన్నాను. ఆ మాటను వాడు తన స్నేహితులకు కూడా నేర్పాడు.

1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత మిత్రులతో కలిసి బేస్‌బాల్‌కు ఇటువంటి ఆటను కల్పించాడు. న్యూయార్కులో వారు కలుసుకొనే భోజనశాల పేరుమీదనే దానికి రోటిస్సరీ అని పేరు వచ్చింది. కాలక్షేపం అక్కడ మొదలై డబ్బు దాకా పోయింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. క్రికెట్ ఊహాజట్ల మీద జీతాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. మా లీగులో పైసా లేదు.

పాత హాజరుపట్టీ ఒకటి తీసి గళ్ళు నింపాను. ఏ జట్టు ఏ వారం నాలుగు ఆటలు ఆడుతుంది, ఏది రెండే ఆడుతుంది, అదీ లెక్క. పదముగ్గురి పేర్లు, ఎదురుగా అంకెలు. ముప్పైయేళ్ళు మార్కులు వేసిన చేతికి ఇది సుఖంగానే ఉండింది. ఫిబ్రవరి మొదట్లో డల్లాసువారు తమ లూకా డాన్సిచ్‌ను లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చివేశారు. ఊరంతా గగ్గోలు, మావాడు అన్నం మానేశాడు. నా పట్టీలో మాత్రం ఒక్క అంకె మారలేదు. అప్పుడే నాకు ఆ పట్టీ మీద కాస్త అనుమానం కలిగింది.

తరువాత ఫిబ్రవరి 20న వచ్చింది అసలు వార్త. మా జట్టుకు ప్రాణం శాన్ ఆంటోనియో ఆటగాడు విక్టర్ వెంబన్యామా. ఏడడుగులు దాటిన ఫ్రెంచి కుర్రవాడు, ఆటకు సగటున 3.8 బ్లాకులు. కుడి భుజంలో రక్తం గడ్డకట్టింది, ఆ సీజను ఇక ఆడడు. గాయపడినవాళ్ళకోసం ఇచ్చే రెండు చోట్లూ మాకు అప్పటికే నిండిపోయాయి. అతన్ని తీసివేసి వేరొకణ్ణి తెచ్చుకోవాలి, లెక్క అదే చెబుతుంది. ఫోనులో అదే చెప్పాను.

"వాడికి ఒళ్ళు బాగాలేదు తాతయ్యా. ఇరవైయొక్క ఏళ్ళే. ఇప్పుడు తీసేస్తామా?"

మనం తీసేసినట్టు అతనికి తెలియనే తెలియదు అబ్బయ్యా, అన్నాను.

"మనకు తెలుస్తుంది గదా."

తెలుగులోనే అన్నాడు, తడుముకోకుండా. నేను మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. మార్చి ఆఖరుదాకా పన్నెండుమందితోనే నెట్టుకొచ్చాం. ప్రతి తెల్లవారీ పట్టీలో అతని పేరుకు ఎదురుగా గీత పెట్టేవాణ్ణి, సెలవుచీటీ ఇచ్చిన పిల్లవాడికి పెట్టినట్టు. సెమీఫైనల్లో తొమ్మిదింట నాలుగు మావి, అయిదు వాళ్ళవి. ఆ అయిదోది బ్లాకులు, రెండే తేడా. మావాడు ఆ రెంటి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కొత్త సీజనులో మా వంతు వచ్చేసరికి విక్టర్‌ను వేరెవరో తీసుకున్నారు. 2025 అక్టోబరు 22న, మనకు 23 ఉదయం, అతను డల్లాసులోనే దిగి 40 పాయింట్లు, 15 రీబౌండ్లు చేశాడు. మావాడి సొంత ఊరిజట్టు 33 పాయింట్ల తేడాతో ఓడింది. ఆట ముగియగానే ఫోను. వాడు అంత సంతోషంగా మాట్లాడగా నేను చాలాకాలంగా వినలేదు.