బీజడ్‌సీ చదివి సైట్‌కి ఎందుకెళ్లానంటే



మొన్న మా రూమ్మేట్ పెట్టిన ఫోటో చూసి చాలామంది కంగ్రాట్స్ చెప్పారు. కొందరు "ఇంజనీర్ తమ్ముడు" అని కూడా రాశారు. ముందు ఆ మాట సరిచేయాలి. నేను ఇంజనీర్ని కాదు. అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కంపెనీలో గ్రాడ్యుయేట్ ట్రైనీగా తీసుకున్నారు, కొలతలూ బిల్లుల లెక్కలూ చూసే సెక్షన్‌లో. జీతం పదహారు వేలు, రూమ్ వాళ్లదే. నా డిగ్రీ బీజడ్‌సీ. "అదెలా కుదిరింది అన్నా" అని జూనియర్లు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది ముంచంగిపుట్టు వైపు. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. తెలుగు ఆశ్రమ స్కూల్లో నేర్చుకున్నదే, తప్పులుంటే సర్దుకోండి. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదలు. నన్ను టీచర్ని చెయ్యాలని అమ్మ కోరిక. అందులో లెక్క కూడా ఉంది. 2000లో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే. డిగ్రీ, బీఈడీ, డీఎస్సీ, తర్వాత ఇంటికి దగ్గర్లో బడి. మా ఊరి పిల్లలందరికీ చూపించే దారి అదొక్కటే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది. అప్పుడు నేను పదో తరగతి. కరోనా టైము, హాస్టల్ మూసేశారు, పరీక్ష రాయకుండా పాసైన బ్యాచ్ మాది. ఊళ్లో సిగ్నల్ లేదు. ఈ తీర్పు సంగతి నాకు తెలిసేసరికి బైపీసీలో చేరిపోయి నెలలైంది. ఆ తీర్పు గురించి మనవాళ్లు నాకంటే బాగా రాశారు, నేను మళ్లీ రాయను. నా మట్టుకు జరిగిందేంటంటే, దారి ఇరుకైపోయిందని తెలిసీ అదే దారిలో ఇంకో నాలుగేళ్లు నడిచాను. వేరేది తెలీదు కాబట్టి.

2023 వేసవి సెలవుల్లో బావతో కలిసి మధురవాడ వైపు ఒక సైట్‌లో కూలికెళ్లాను. ఇసుక, ఇటుక, కంకర. నాన్న కూడా నా చిన్నప్పుడు కాఫీ పళ్ల పని అయిపోయాక ఇదే పనికి విశాఖ వచ్చేవాడు, నడుం పోగొట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ సైట్‌లో ఒకాయన మూడు కాళ్ల స్టాండ్ మీద ఆటో లెవెల్ పెట్టి అందులోంచి చూసి పుస్తకంలో అంకెలు రాస్తున్నాడు. నన్ను స్టాఫ్ పట్టుకోమన్నాడు. స్టాఫ్ అంటే పొడుగాటి స్కేలు కర్ర. భోజనం టైములో "ఏం చూస్తున్నారు సార్" అని అడిగాను. విసుక్కుంటాడేమో అనుకున్నా, చూపించాడు.

ఎత్తు తెలిసిన ఒక చోటు ఉంటుంది, దాన్ని 100.000 అనుకో అన్నాడు. అక్కడ స్టాఫ్ పెడితే 1.250 వచ్చింది, కలిపితే 101.250. అది మన కన్ను ఉన్న ఎత్తు. ఇప్పుడు స్టాఫ్ అవతల పెడితే 1.400 వచ్చింది, తీసెయ్యి. ఆ చోటు ఎత్తు 99.850. అంతే. నేను కాసేపు ఆ పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయాను. బైపీసీ తీసుకున్నప్పటి నుంచి లెక్కలు మనవల్ల కావని ఒక భయం నాకు. తీరా చూస్తే ఇది సంతలో పసుపు అమ్మేటప్పుడు అమ్మ వేసే లెక్కకంటే తేలిక.

ఆ తర్వాత హాస్టల్లో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. కడ్డీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ కడ్డీ మీటరు 0.889 కిలో, 12 మీటర్ల కడ్డీ ఒకటి దాదాపు 10.67 కిలోలు. ఇలాంటివి వంద ఉంటాయి. మెస్‌లో అన్నం తింటూ కూడా కిటికీ ఊచల బరువు వేసేవాణ్ని, మావాళ్లు నవ్వేవాళ్లు.

ఇక్కడ జూనియర్లకి ఒక మాట. బీఎస్సీలో మ్యాథ్స్ ఉంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. నాకు ఆ సంగతి తెలిసింది రెండో ఏడులో, బీజడ్‌సీ వాళ్లకి అది లేదు. ఇంటర్ అయినవాళ్లు గ్రూపు తీసుకునే ముందే ఈ సంగతి కనుక్కోండి. పాలిటెక్నిక్‌లో మొదటి నుంచి చేరదామంటే ఇంకో మూడేళ్లు, ఇంట్లో చెల్లి చదువు ఉంది. అందుకని చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ సైట్‌లో చేస్తానని మా బాటనీ సార్‌ని అడిగాను. "దీనికీ మన సబ్జెక్టుకీ ఏం సంబంధం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "ఉద్యోగం కావాలి సార్" అన్నాను. సంతకం పెట్టారు.

సైట్‌లో నాకు మొదట ఇచ్చింది మస్టర్. పొద్దున్నే ఎవరొచ్చారో రాయడం. కూలీల్లో సగం మంది మనవాళ్లే, పెదబయలు నుంచీ, అవతల కోరాపుట్ నుంచీ. అందులో ఒక పెద్దాయన, నాన్న వయసు. నన్ను "సార్" అనేవాడు. ఒకరోజు నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే మా భాష విన్నాడు. అప్పట్నుంచి "బాబూ" అనడం మొదలుపెట్టాడు. నెత్తి మీద తట్టతో పోతూ కూడా ఆగి, తిన్నావా అని అడిగేవాడు.

జనవరిలో స్లాబ్ వేశారు. స్లాబ్ మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆగితే పాత కాంక్రీటుకీ కొత్తదానికీ అతుకు సరిగా పడదు. పొద్దున ఎనిమిదికి మొదలై రాత్రి పది దాటింది. నేను 34 మందికి ఒకటిన్నర రోజు అని రాశాను. సూపర్‌వైజర్ మస్టర్ తీసుకుని చూసి, "ఒకటి చాలు, దిద్దు" అన్నాడు. నా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. దిద్దాను.

ఇది రాయకుండా వదిలేద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. కానీ అది వదిలేస్తే ఈ పోస్టు ఎందుకు? కూలి రోజుకి 700. అరరోజు 350. 34 మందికి 11,900 రూపాయలు, నా చేతి రాతతో పోయాయి. ఎవరూ అడగలేదు. ఆ పెద్దాయన మర్నాడు కూడా తిన్నావా బాబూ అన్నాడు.

రెండో స్లాబ్ మార్చిలో. ఈసారి ముందే ఆలోచించుకున్నాను. కాంక్రీటు వేసేటప్పుడు పోర్ కార్డ్ అని ఒకటి రాస్తారు. ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయింది, ఎన్ని క్యూబిక్ మీటర్లు పడింది, పరీక్షకి ఎన్ని దిమ్మలు తీశారు, అన్నీ ఉంటాయి. దానిమీద ఇంజనీర్ సంతకం ఉంటుంది. 8.10కి మొదలు, రాత్రి 10.20కి పూర్తి. నేను మస్టర్ని ఆ కార్డుతో కలిపి ఇంజనీర్ సార్ టేబుల్ మీద పెట్టాను. "సార్, టైమ్ రెండిటిలో ఒకటే ఉండాలి కదా, ల్యాబ్ రికార్డులో తేడా వస్తే మా మేడమ్ కొట్టేసేవారు" అన్నాను. గొంతు వణికింది, అబద్ధం చెప్పను. ఆయన రెండూ చూసి ఒకటిన్నర అని రాసి సంతకం పెట్టాడు. సూపర్‌వైజర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది, ఇంజనీర్ సారే ఇచ్చారు. ఈ కంపెనీ ఇంటర్వ్యూకి పంపించింది కూడా ఆయనే. వాళ్లు నన్ను ఆటో లెవెల్ లెక్క ఒకటి, కడ్డీల లెక్క రెండు చేయించారు. బాటనీ గురించి ఎవరూ అడగలేదు.

అమ్మకి ఇంకా నచ్చలేదు. "మీ నాన్న మోసిన చోటికే పోతావా, దీనికా చదివించింది" అంటుంది. నేను మొయ్యను, రాస్తాను అంటే, రాసేవాళ్ల గురించి మీ నాన్నని అడుగు అంది. ఇటుకల పండక్కి ఇంటికెళ్లినప్పుడు అడిగాను. నాన్న ఏం చెప్పలేదు, నడుం నొక్కమన్నాడు. బీఈడీకి అప్లై చేసే ఆలోచన నేనూ పూర్తిగా వదల్లేదు. రెండేళ్లు చూస్తాను.

సైట్ ఉద్యోగం అడిగే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, స్టోర్స్, బిల్లింగ్, సర్వే హెల్పర్ వీటికి కొన్నిచోట్ల ఏ డిగ్రీ అయినా తీసుకుంటున్నారు. ఆఫర్ లెటర్ కాగితం మీద అడగండి, పీఎఫ్ ఉందా అడగండి. చెల్లెళ్లు సైట్‌లో టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసుకోండి, నేను పనిచేసిన చోట ఆడవాళ్లకి లేదు.

ఒకటో తారీకున జాయినింగ్. షూ సైజు అడిగారు, ఏడు అని చెప్పాను.

ఇంకొక్కటి. ఆ పెద్దాయన ఏప్రిల్‌లో ఊరెళ్లిపోయాడు. పెదబయలు వైపు అని మాత్రమే తెలుసు, నంబర్ లేదు. ఎడమ చేతికి చిటికెన వేలు సగమే ఉంటుంది. జనవరిలో మధురవాడ సైట్‌లో స్లాబ్ పని చేసినవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. 34 మందికీ ఇప్పుడే ఇవ్వలేను. మొదటి జీతంలో ఆయనది ఇవ్వగలను.