కమాను తెగిన తలుపు

స్ప్రింగుకు తెలుగులో ఏ పేరు పెట్టాలా అని పండితులం తర్జనభర్జనలు పడుతూ ఉండగానే, లారీల వారు ‘కమాను కట్టలు’ అనే మాటను ఎవరి అనుమతీ అడగకుండా వాడేసుకున్నారు. కమాను అంటే విల్లు. పారసీకం నుండి ఉర్దూ మీదుగా మనదాకా వచ్చిన పదం. వంచితే వంగి, విడిస్తే యథాస్థితికి వచ్చేది విల్లు కనుక అర్థం చక్కగా పొసగింది. అందుచేత ఈ టపాలో నేను చుట్టలు చుట్టుకొని ఉండే ఇనుప తీగను కూడా కమాను అనే వ్యవహరిస్తాను. ఆక్షేపించదలచిన మిత్రులు వ్యాఖ్యలలో నిరభ్యంతరంగా తగవు పెట్టుకోవచ్చు.

ప్రస్తుత విషయం అమెరికా ఇళ్ళలోని గరాజు తలుపును ఎత్తే కమాను. అది తెగితే మార్పించడానికి ఎంతవుతుంది? ఈ ప్రశ్నకు 2024 జనవరిలో, రెండు రోజుల వ్యవధిలో, ఒకే తలుపు ముందు నిలబడి నేను రెండు సమాధానాలు విన్నాను. ఒకటి 940 డాలర్లు. రెండవది 310 డాలర్లు. అప్పటి మారకంలో మొదటిది సుమారు డెబ్బై ఎనిమిది వేల రూపాయలు, అనగా నా రెండు నెలల పింఛను. ఇంత అంతరం ఎందుకు వచ్చిందో విచారించకుండా ఊరుకోవడం ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల చేత పద్యాలకు ప్రతిపదార్థం చెప్పించిన వాడికి సాధ్యం కాదు.

మా అమ్మాయివాళ్ళు అప్పుడు చికాగోకు పడమటి దిక్కున ఒక శివారులో ఉండేవారు. ఆమెకు తొమ్మిదవ నెల. అందుకే మేమిద్దరం అంత చలిలోనూ వెళ్ళాం. అల్లుడికి డిసెంబరు 14న ఉద్యోగం పోయింది. అతనిది పని అనుమతి మీద ఆధారపడిన వీసా. ఉద్యోగం పోయాక అరవై రోజులలోగా మరొక యజమాని దొరికి దరఖాస్తు పెట్టాలి, లేదా సర్దుకొని దేశం విడవాలి. ఆ ఇంట్లో అందరం రోజులు రెండు విధాలుగా లెక్కపెడుతూ ఉండేవాళ్ళం. ఒక లెక్క బిడ్డ కోసం, రెండవది వీసా కోసం. రెండవ లెక్కను ఎవరమూ పైకి అనేవాళ్ళం కాము.

సంక్రాంతినాటి రాత్రి, బయట సెంటీగ్రేడులో సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు, గరాజులో తుపాకి పేలినట్టు పెద్ద చప్పుడయింది. మా ఆవిడ అమెరికా గురించి వార్తలలో విన్నవన్నీ ఒక్కసారి తలచుకొని దేవుడి పటం ముందుకు వెళ్ళింది. అల్లుడు చూసి వచ్చి కమాను తెగిందన్నాడు. తలుపుకు పైన, గోడకు బిగించిన ఇరుసు మీద రెండు కమానులున్నాయి. వాటిలో ఒకదాని నడుమ రెండంగుళాల ఎడం కనిపిస్తోంది. అంతే. చూడ్డానికి మరేమీ జరిగినట్టు లేదు. మీట నొక్కితే మాత్రం మోటారు మూలిగి, తలుపును నాలుగంగుళాలు ఎత్తి ఆగిపోయింది. మంచుకు జడిసి రెండు కార్లూ లోపలే పెట్టారు. నలుగురు మనుషులు పట్టుకుంటే ఆ తలుపును ఎత్తవచ్చు. కానీ నడిరేయి నొప్పులు మొదలైతే నలుగురిని ఎక్కడినుంచి తేవడం?

ఇక్కడ కొంచెం యంత్రశాస్త్రం చెప్పక తప్పదు. ఇది తెలియకపోతే ధర ఎందుకు అలా ఉంటుందో బోధపడదు.

రెండు కార్లు పట్టే తలుపు పదహారడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉంటుంది. మావాళ్ళ తలుపు బరువు సుమారు డెబ్బై కిలోలు. మోటారేమో సగం అశ్వశక్తి. తలుపును ఎత్తుతున్నది మోటారే అని చాలామంది భావిస్తారు. కాదు, ఎత్తుతున్నది కమానులు. మోటారు తోడు నడుస్తుందంతే. మన పల్లెల్లో ఏతం చూసినవారికి ఇది నిమిషంలో అర్థమవుతుంది. బావిలోని బానను పైకి తెచ్చేది కింద ఉన్న మనిషి చేతి బలమొక్కటే కాదు. ఏతం దూలం మీద అటూ ఇటూ నడిచే మనిషి బరువు అసలు పని చేస్తుంది. గరాజు తలుపులో ఆ దూలం మీద నడిచే మనిషే కమాను. తలుపు మూసి ఉన్నప్పుడు దాని బరువంతా నిలువుగా వేలాడుతూ ఉంటుంది, అప్పుడే కమాను అన్నిటికన్నా బిగువుగా చుట్టుకొని ఉంటుంది. తలుపు లేస్తున్నకొద్దీ దాని పలకలు ఒకటొకటిగా వంగి కప్పు కింది పట్టాల మీదికి వాలతాయి, వేలాడే బరువు తగ్గుతుంది. సరిగ్గా అదే పాళ్ళలో కమాను కూడా సడలుతూ వస్తుంది. ఏ క్షణాన ఆపినా త్రాసు సమంగా ఉండాలి. 1921లో సి.జి. జాన్సన్ పైకి లేచే తలుపును, 1926లో దాన్ని ఎత్తే విద్యుత్ యంత్రాన్ని రూపొందించాడంటారు. ఆయనకు నా నమస్కారం.

కమానుకు అసలు సూత్రం చెప్పిన రాబర్ట్ హుక్ మరీ చమత్కారి. లాగినకొద్దీ బలం అన్న తన సూత్రాన్ని 1676లో లాటిన్ అక్షరాలను కలగాపులగం చేసి, పొడుపుకథలాగా అచ్చువేయించి, రెండేళ్ళ తరువాత 1678లో విప్పి చెప్పాడు. మన బంధకవులు చూస్తే ఆయనను తమ జట్టులో కలుపుకొని ఉండేవారు. సరే, ఇది పక్కదారి.

కమాను తెగడం ప్రమాదం కాదు, దాని ఆయుర్దాయం తీరడం. సామాన్యంగా వేసే కమానును పదివేల ఆవృత్తులకు లెక్కగట్టి తయారు చేస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒక ఆవృత్తి. రోజుకు నాలుగుసార్లు అనుకుంటే రెండువేల అయిదువందల రోజులు, దాదాపు ఏడేళ్ళు. మావాళ్ళ గరాజు గోడ మీద మునుపటి యజమాని కాలంలో ఎవరో నల్లసిరాతో 2016 అని రాసిపెట్టారు. లెక్క సరిపోయింది. చలికి ఇనుము పెళుసెక్కుతుంది కనుక ఈ తెగడాలు చలిరాత్రులలో ఎక్కువ.

మరునాడు వచ్చిన మొదటి మనిషిది పెద్ద సంస్థ. అంతర్జాలంలో వెతకగానే మొట్టమొదట కనబడేది. వచ్చి చూసినందుకే 89 డాలర్లు. పని వారికే అప్పగిస్తే అది మినహాయిస్తారట. పలక వంటి తెర ఒకటి తీసి వేలితో తోస్తూ చదివాడు: రెండు కమానులు, తీగతాళ్ళు, గిలకలు, పది చక్రాలు, ఇరుసు బేరింగులు, వెరసి 940. దీనికి ‘జీవితకాలపు హామీ’. ఎవరి జీవితకాలం అని అడిగాను. అమ్మాయి అనువదించడానికి మొహమాటపడింది కానీ అల్లుడు అడిగేశాడు. ఈ ఇంటికి మీరు యజమానిగా ఉన్నంతకాలం, మళ్ళీ తెగితే కమాను ఉచితం, బిగించే కూలి మాత్రం మామూలే అన్నాడు. ఇనుము వెల తక్కువ, కూలి వెల ఎక్కువ అయిన పనిలో ఇనుమును ఉచితంగా ఇస్తామనడం ఎంత సుళువో ఆలోచించండి. అటుపైన అతను మా అమ్మాయి కడుపు వైపు చూసి, ఈ పరిస్థితిలో వాయిదా వేయకూడదన్నాడు. ఆ ఒక్క మాటకే నేను అతనికి సున్నా మార్కులు వేశాను. ఆలోచించుకొని చెబుతామని 89 డాలర్లు చెల్లించి పంపించాం.

అతను వెళ్ళాక అల్లుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అచ్చం అలాంటి కమానుల జత నూరు డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుందని చూపించాడు. బిగించే విధానం చూపే వీడియోలూ ఉన్నాయి.

“మామయ్యగారూ, వస్తువు నూరు డాలర్లు. తక్కినదంతా మన భయానికి కట్టే వెల. నేనే బిగిస్తాను” అన్నాడు.

అతని మాటలో సగం నిజముంది. తక్కిన సగం వేరు. కొత్త కమానును ఇరుసుకు ఎక్కించాక దాన్ని చేత్తో చుట్టి బిగువు ఎక్కించాలి. దాని కొసనున్న దిమ్మెకు రంధ్రాలుంటాయి. పద్దెనిమిదంగుళాల రెండు ఉక్కు కడ్డీలను వాటిలో మార్చి మార్చి దూర్చి, ఒకటి పట్టుకొని ఉండగా రెండవదానితో పావుచుట్టు చొప్పున తిప్పాలి. ప్రతి చుట్టుకూ తిరగబడే బలం పెరుగుతుంది. చివరికి డెబ్బై కిలోల తలుపును నిలబెట్టే బలమంతా ఆ కడ్డీలో, అది పట్టుకున్న చేతిలో ఉంటుంది. కడ్డీ జారితే మణికట్టు విరుగుతుంది, ముఖానికి తగిలితే చెప్పనక్కరలేదు. కడ్డీకి బదులు స్క్రూడ్రైవరు దూర్చి చేతులు పోగొట్టుకున్నవారున్నారని ఆ వీడియోలలోనే హెచ్చరిస్తారు. మీట నొక్కి బతికే వృత్తి అల్లుడిది. వేళ్ళు లేకపోతే వీసా ఏమిటి, వృత్తి ఏమిటి?

అయినా నేను వద్దని అనలేదు. “ఒక్కరోజు ఆగు బాబూ, ఇంకొకరిని అడుగుదాం” అన్నాను. అతను తల ఊపి పైకి వెళ్ళిపోయాడు. తరువాత అమ్మాయి వంటగదిలో నాతో మెల్లగా అంది: “డబ్బు ఒక్కటే కాదు నాన్నా. నెల రోజులుగా ఆయన చేసిన పని ఏదీ పూర్తవడం లేదు. ఇంటర్వ్యూలన్నీ మధ్యలో ఆగిపోతున్నాయి. ఇదొక్కటైనా తన చేత్తో అయిందనిపించుకోవాలని ఉంది.”

ఆ మాట విన్న తరువాత నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండవ మనిషిని పొరుగింటావిడ చెప్పింది. సంస్థ లేదు, తెర లేదు. నా వయసువాడే ఒక పోలండు దేశస్థుడు, పాత వ్యానులో వచ్చాడు. తలుపును కొలిచాడు, తీగ మందం కొలిచాడు, చక్రాలను వేలితో తిప్పి చూసి ఇవి బాగున్నాయి, మార్చనక్కరలేదన్నాడు. ఒకటి తెగినా రెండూ మార్చాల్సిందే, ఎందుకంటే రెండవది కూడా అదే ఏడు పుట్టినది అని చెప్పాడు. ఆ తరువాత ఒక ప్రశ్న వేశాడు. పదివేల ఆవృత్తుల జత అయితే 270, ఇరవై అయిదువేల ఆవృత్తుల జత అయితే 310. ఏది వేయమంటారు?

ధరలలో భేదం నలభై డాలర్లు. ఆయుర్దాయంలో భేదం పదేళ్ళు. ఒకటి ఏడేళ్ళు వస్తుంది, రెండవది పదిహేడేళ్ళు. వ్యాపార దృష్టితో చూస్తే ప్రశ్నే కాదు. కానీ ఆనాటికి అల్లుడికి ఆ దేశంలో మిగిలినవి ఇరవై ఏడు రోజులు. ఇరవై ఏడు రోజులకు వేయవలసిన కమాను ఏది? అతను జవాబు చెప్పలేక ఇరుసు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ ముసలాయన కూడా తొందరపెట్టలేదు, చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకున్నాడు. లోపలి గుమ్మంలోంచి అమ్మాయి, “ఎక్కువకాలం వచ్చేదే వేయించండి” అంది. అల్లుడు ఆమె వైపు చూసి ఆయనతో సరే అన్నాడు.

పని గంటంబావు పట్టింది. అల్లుడు తనూ చేస్తానని అడిగితే ఆయన కాదనలేదు. తలుపు కదలకుండా పట్టాలకు పట్టుకారు బిగించడం, పాత కమానులను ఇరుసు నుంచి దించడం, కొత్తవి ఎక్కించడం, తీగతాళ్ళను గిలకల మీద సరిగా కూర్చోబెట్టడం ఇవన్నీ అతని చేతే చేయించాడు. ఎడమ కమాను, కుడి కమాను తారుమారు కాకూడదని, వాటి దిమ్మెలకు వేసిన ఎర్రరంగు, నల్లరంగు చూపించి చెప్పాడు. కడ్డీలు మాత్రం తానే పట్టాడు. ముఖం పక్కకు తిప్పుకొని, పావుచుట్టు చొప్పున, తన భాషలో పైకి లెక్కపెడుతూ తిప్పాడు. ఏడడుగుల తలుపుకు ఏడున్నర చుట్లు, అంటే ముప్పై పావులు. పావును సంస్కృతంలో పాదమంటారు కదా! నాలుగు పాదాలకు ఒక పద్యం చొప్పున ఏడు పద్యాలూ రెండు పాదాలూ అయ్యాయని నేను లోలోపల లెక్క వేసుకున్నాను. ఆయన ఎక్కడా గణభంగం కానివ్వలేదు. రెండవ కమానుకు మళ్ళీ ముప్పై.

చివర మోటారు నుంచి తలుపును విడదీసి నడుము ఎత్తుకు లేపి వదిలాడు. తలుపు కిందికి రాలేదు, పైకి పోలేదు. గాలిలో నిలబడింది. అల్లుడిని పిలిచి ఒక్క వేలితో లేపి చూడమన్నాడు. నెల రోజుల తరువాత ఆ పిల్లవాడు నవ్వడం అప్పుడు చూశాను.

మీలో అక్కడ ఇల్లున్నవారికి నేను చూసినంతలో చెబుతున్నాను: రెండు కమానులు మార్పించడానికి 2024లో 200 నుంచి 400 డాలర్లు న్యాయమైన ధరగా ఉండేది. అది దాటితే వివరం అడగండి. ఆవృత్తుల సంఖ్య ఎంతో తప్పక అడగండి, తమంతట తాము చెప్పరు. చక్రాలు, బేరింగులు అన్నీ కలిపి మూట కట్టి చెబితే విడివిడిగా ధర చెప్పమనండి. అయితే బిగించే కూలి ఎక్కువ అని మాత్రం సణగకండి. ఆ కడ్డీల ముందు నిలబడేవాడికి నూటయాభై డాలర్లు ఇచ్చినా ఎక్కువ కాదని నా అభిప్రాయం. నాకు కోపం వచ్చింది కూలి మీద కాదు, నిండు చూలాలి కడుపు చూసి ధర నిలబెట్టుకోవడం మీద.

జనవరి 28 తెల్లవారుజామున రెండున్నరకు ఆ తలుపు తెరుచుకొని కారు బయటికి వెళ్ళింది. మనుమరాలు. తల్లీ బిడ్డా క్షేమం. ఫిబ్రవరి రెండవ వారంలో, ఇంకా నాలుగు రోజులు గడువు ఉండగా, అల్లుడి తరఫున కొత్త యజమాని దరఖాస్తు పెట్టాడు. ఆ ఉద్యోగం టెక్సాసులో. వేసవిలో ఇల్లు అద్దెకిచ్చి వెళ్ళిపోయారు. ఇరవై అయిదువేలలో మావాళ్ళు వాడుకున్నవి ఆరువందలు దాటి ఉండవు.

అద్దెకు దిగినవారు గుంటూరు వైపు పిల్లలే, కొత్తగా పెళ్ళయినవాళ్ళు. తాళాలు ఇచ్చేటప్పుడు అల్లుడు వాళ్ళను గరాజులోకి తీసుకువెళ్ళి, మోటారుకు వేలాడే ఎర్రతాడు చూపించి, కమాను తెగి తలుపు పైన ఉన్నప్పుడు దీన్ని లాగకండి, తలుపంతా ఒక్కసారి మీద పడుతుంది అని రెండుసార్లు చెప్పాడట. గోడ మీద 2016 కింద ముసలాయన రాసిన 2024ను, తీగ మందాన్ని, చుట్ల సంఖ్యను కూడా చూపించాడట.