తెర మీద ఫార్మసిస్టు, ఊళ్ళో ఫార్మసిస్టు

మొన్న లాంగ్ వీకెండ్‌కి సిడ్నీ నుంచి అన్నయ్యా వాళ్ళ ఊరెళ్ళాను. డబ్బో దాటి ఇంకా లోపలికి పోవాలి. ఊరు మొత్తానికి ఒక చిన్న ఆసుపత్రి, ఒక మందుల షాపు. ఆ షాపులో ఫార్మసిస్టు మా వదినే.

"మరి ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఎవరు?" అనడిగితే, "ఉన్నారు, తెర మీద" అంది.

న్యూ సౌత్ వేల్స్ పడమటి ప్రాంతంలోని ఎనిమిది చిన్న ఆసుపత్రుల్లో 2020లో ట్రయల్‌గా మొదలైన పద్ధతట ఇది. ఎక్కడో ఉన్న క్లినికల్ ఫార్మసిస్టు వీడియోలో పేషెంటుతో మాట్లాడతారు. ఇంట్లో ఏ మందులు వాడుతున్నారు, కొత్తగా రాసినవి వాటితో పడతాయా, కిడ్నీలు బాగోలేకపోతే డోసు తగ్గించాలా.. ఇవన్నీ చూసి డాక్టరుకి చెప్తారు.

టెక్నాలజీ అనగానే మనకి ఊపొస్తుంది కదా :) "అయితే మీ ఉద్యోగాలకి ఎసరేనా?" అన్నాను.

వదిన నవ్వలేదు. "వాళ్ళు చేసేది మంచి పనే. కానీ పేషెంటు అక్కడ ఉండేది నాలుగు రోజులు. మిగతా ఏడాదంతా నా దగ్గరికే వస్తాడు. ఆ నాలుగు రోజుల్లో ఏం మార్చారో నాకెవరు చెప్తారు?" అంది.

ఇక్కడ పెద్దవాళ్ళకి వెబ్‌స్టర్ ప్యాక్ అని కట్టిస్తారు. వారానికి సరిపడా బిళ్ళల్ని రోజుకీ పూటకీ విడివిడిగా గళ్ళలో పెట్టి సీల్ చేసిన అట్ట. ఒకాయనకి ఆసుపత్రిలో బీపీ బిళ్ళ ఆపేసి, శుక్రవారం సాయంత్రం ఇంటికి పంపారట. డాక్టరుకి ఉత్తరం వెళ్ళింది, వదినకి వెళ్ళలేదు. ఆపేసిన బిళ్ళ పాత అట్టలో అలాగే ఉంది. కళ్ళలో వేసుకునే చుక్కల మందు కోసం ఆయన షాపుకి రాబట్టి బయటపడింది. అదే తెర మీది ఫార్మసిస్టు అయిదు నిమిషాలు ఫోన్ చేసిన రోజున ఏ గొడవా ఉండదట.

మా ఫీల్డులోనూ ఇంతే. ప్రోగ్రాం లోపలి బగ్గుల కన్నా, రెండు సిస్టమ్‌లు మాట్లాడుకోవాల్సిన చోట వచ్చే బగ్గులే ప్రాణం తీస్తాయి.

ఇది వింటుంటే నాకు నాన్న గుర్తొచ్చారు. రెండేళ్ళ క్రితం ఇండియాలో ఒక ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యారు. చీటీలో ఉన్న మందులన్నీ ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టింది నేనే. గొప్ప పని చేశాననుకున్నా. వారం తిరక్కుండా ఆయన కళ్ళు తిరిగి బాత్‌రూమ్‌లో పడ్డారు. అమ్మ రెండు స్ట్రిప్పులు పట్టుకుని మా వీధి మెడికల్ షాపుకి వెళ్తే, బాబాయ్ (అందరికీ బాబాయే) చూసి "రెండూ టెల్మిసార్టనే కదమ్మా, కంపెనీ పేర్లే వేరు" అన్నాడట. పాతదీ కొత్తదీ కలిపి రోజూ రెండు మింగారు నాన్న.

పదేళ్ళుగా నాన్న ఏ బిళ్ళ వాడుతున్నారో నోటికి చెప్పగల మనిషి ఆయన. ఒక్క ఫోన్ కొట్టాలని నాకే తోచలేదు. ఇంక ఆసుపత్రినేం అంటాను?

దూరం నుంచి వైద్యం వద్దని నేననను, ఆ పల్లెటూళ్ళకి వేరే దారి లేదు. కాకపోతే అలాంటి సిస్టమ్ కట్టేవాళ్ళు ఊళ్ళో షాపు ఫోన్ నంబరుకి కూడా అందులో ఒక గడి పెట్టాలి.

నేనైతే ఇప్పుడు నాన్న చీటీ ఏదొచ్చినా ముందు బాబాయ్‌కి వాట్సాప్ చేస్తున్నాను. ఆయన సరేనన్నాకే బిళ్ళ.