రెండు ప్రెసిడెంటు ఎలక్షన్లు

మా కృష్ణా జిల్లా పల్లెల్లో సర్పంచిని ప్రెసిడెంటు అంటారు. అందుకని మా ఇంట్లో ఎవరైనా "ప్రెసిడెంటు ఎలక్షన్లప్పుడు" అని మొదలుపెడితే ఏ ప్రెసిడెంటు అని అడగాల్సొస్తుంది. నేను దగ్గర్నుంచి చూసినవి రెండు. ఒకటి 2012 నవంబర్‌లో అమెరికాది. అప్పుడు నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. రెండోది 2013 జూలైలో మా ఊరిది. అందులో మా నాన్న నిలబడ్డాడు. రెండింట్లోనూ తిరిగి తిరిగి ఒకటే ప్రశ్న: నిలబడ్డవాడి దేవుడెవరు?

పెదపారుపూడి అనగానే రామోజీరావు గారి ఊరు కదా అంటారు ఎవరైనా. మాది ఆ మండలంలోనే ఒక చిన్న ఊరు. పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు టెక్సాస్ సంగతి. మా యూనివర్సిటీ పక్కన ఒక బాప్టిస్టు చర్చి ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక విదేశీ విద్యార్థులకు భోజనం పెట్టేవాళ్ళు. సగం ఆ భోజనం కోసం, సగం అమ్మకు ఫోన్లో "వెళ్ళొచ్చానమ్మా" అని చెప్పుకోవడం కోసం వెళ్ళేవాణ్ణి. ఆ ఏడాది అక్కడి పెద్దవాళ్ళకు ఒక చిక్కొచ్చి పడింది. వాళ్ళలో చాలామంది రిపబ్లికన్లు. ఒబామా మీద ఆ పార్టీ నిలబెట్టిన మిట్ రామ్నీ మార్మన్.

మార్మన్లు తమను క్రైస్తవులమనే చెప్పుకుంటారు. వాళ్ళ సంఘం అసలు పేరులోనే యేసుక్రీస్తు ఉన్నాడు. కానీ బైబిల్‌తో పాటు, 1830లో జోసెఫ్ స్మిత్ అచ్చు వేయించిన మార్మన్ గ్రంథం కూడా వాళ్ళకు దేవుని వాక్యమే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ గురించి మిగతా సంఘాలు చెప్పేది ఒకటైతే వాళ్ళు చెప్పేది ఇంకొకటి. బాప్టిస్టుల లెక్కలో వాళ్ళు 'మనవాళ్ళు' కారు. డాలస్‌లోని ఫస్ట్ బాప్టిస్టు చర్చి పాస్టర్ రాబర్ట్ జెఫ్రెస్ 2011 అక్టోబర్‌లో మార్మన్ మతం ఒక కల్ట్ అని బాహాటంగానే అన్నాడు. తర్వాతి ఏడాది రామ్నీకే ఓటెయ్యమన్నాడు. 2012 అక్టోబర్‌లో రామ్నీ వెళ్ళి బిల్లీ గ్రాహమ్‌ను కలిశాడు. ఆ వెంటనే గ్రాహమ్ సంస్థ వెబ్‌సైట్లో కల్టుల జాబితా నుంచి మార్మన్ల పేరు మాయమైంది.

నాకు బాగా గుర్తుండిపోయినవి గాలప్ సర్వే అంకెలు. 1967లో రామ్నీ తండ్రి జార్జ్ రామ్నీ అధ్యక్ష పదవికి సిద్ధమవుతున్నప్పుడు, మార్మన్‌కు ఓటెయ్యం అన్నవాళ్ళు 17 శాతం. 2012లో కొడుకు నిలబడినప్పుడు 18 శాతం. నలభై ఐదేళ్ళలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు, సోవియట్ యూనియన్ పోయింది, ఈ అంకె మాత్రం కదల్లేదు. అయినా ఎలక్షన్ రోజున తెల్లజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో పది మందికి దాదాపు ఎనిమిది మంది రామ్నీకే వేశారు. ఆయన ఓడిపోయింది వాళ్ళ వల్ల కాదు. మా చర్చిలో అన్నం వడ్డించే పెద్దాయన్ని నేను అడిగేశాను, కల్ట్ అన్నారు కదా, ఎలా వేశారని. "నేను ఎన్నుకునేది పాస్టర్ని కాదు బాబూ" అన్నాడు, చికెన్ ముక్క నా ప్లేట్లో పెడుతూ.

అమెరికా రాజ్యాంగం ఏ పదవికీ మత పరీక్ష పెట్టకూడదని ఆరో అధికరణంలోనే రాసుకుంది. కాగితం అడగదు, జనం అడుగుతారు. 1960లో కెనడీ కేథలిక్ అని అడిగారు. ఆయన టెక్సాస్‌లోనే, హ్యూస్టన్‌లో, ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబడి పోప్ చెప్పినట్టు పాలించనని చెప్పుకోవాల్సొచ్చింది. ఆ తర్వాత గెలిచాడు. అడుగుతారు, సణుగుతారు, చివరికి పార్టీ చూసుకుని ఓటేస్తారు. ఈ సంగతి నాకు అర్థమై ఏడాది కూడా కాలేదు, మా ఇంటి నుంచి ఫోనొచ్చింది.

"ఒరేయ్, ఈసారి మన ఊరు ఎస్సీకి రిజర్వయింది. నన్ను నిలబడమంటున్నారు."

నాన్న గొంతులో సంతోషం దాగలేదు. అమ్మ ఫోన్ లాక్కుంది. "మీ నాన్నకి పిచ్చి పట్టింది. నువ్వైనా చెప్పు."

అమ్మ భయం దేనికో చెప్పాలి. మచిలీపట్నంలో 1841లో నోబుల్, ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు దిగారు. తర్వాత కెనడా బాప్టిస్టులు వుయ్యూరు దాకా వచ్చారు. మా పేటలో మూడు తరాలుగా అందరం చర్చికి వెళ్ళేవాళ్ళమే. కానీ అందరి సర్టిఫికెట్ల మీదా 'హిందూ, మాల' అనే ఉంటుంది. కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కాకుండా వేరే మతంలో ఉన్నవాణ్ణి షెడ్యూల్డు కులంగా లెక్కించకూడదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకున్నారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. క్రైస్తవుణ్ణని రాయించుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సీ. అక్కడున్నది ఒక్క శాతం. ఎస్సీ సీట్లో నిలబడే హక్కు ఉండదు.

నాన్న పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకున్నాడు. అది అమ్మ వాళ్ళింట్లో పెట్టిన షరతు. మావైపు కాలవకు నీళ్ళొదిలాక ఇస్తారు బాప్తిస్మాలు. ఆ ఫోటో మా ఆల్బమ్‌లో ఉండేది: నడుము లోతు నీళ్ళలో తెల్లచొక్కాతో నాన్న, ఆయన తల మీద పాస్టరుగారి చెయ్యి. నాన్న కుల ధ్రువీకరణ మీద సంతకం పెట్టి నామినేషన్ వేసిన రోజు రాత్రి, అమ్మ ఆ ఫోటో తీసి ట్రంకుపెట్టె అడుగున దాచింది.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆ ఫోటోలో నాన్న వెనక గట్టు మీద, తన వంతు కోసం నిలబడ్డ కుర్రాళ్ళలో ఒకాయన నాన్న మీద పోటీ చేసిన మనిషి. ఆయన దగ్గరా అదే రోజు ఫోటో ఉంది. ఒకరి గుట్టు ఒకరి దగ్గరుంది కాబట్టి ఇద్దరూ నోరెత్తలేదు. ఊరికి తెలియని గుట్టూ కాదు. ఊళ్ళో రైతులకు తెలుసు, రామాలయం పూజారిగారికి తెలుసు. క్రిస్మస్ కేకులు అందరిళ్ళకూ మేమే పంచుతాం. ఓట్లడగడానికి వెళ్తే మురుగు కాలవ పూడిక గురించి, వాటర్ ట్యాంక్ గురించి అడిగారు. ఒక పెద్దాయన మాత్రం "ఏరా, ప్రెసిడెంటువైతే నవమి పందిట్లో కొబ్బరికాయ కొడతావా?" అన్నాడట. "కొడతానండి" అన్నాడట నాన్న. మతం గురించి ఓటరు పెట్టిన పరీక్ష మొత్తం అదే. మా టెక్సాస్ పెద్దాయన కూడా ఇంతకంటే పెద్ద పరీక్ష పెట్టలేదు.

నాన్న కొద్ది ఓట్ల తేడాతో గెలిచాడు. 'ఏరా' అన్న పెద్దాయన మర్నాటి నుంచి 'ప్రెసిడెంటుగారూ' అన్నాడు. నవమి పందిట్లో నాన్న కొబ్బరికాయ కొట్టాడు, వడపప్పు పానకం తీసుకున్నాడు. అది ఆయనకేమీ కష్టమనిపించలేదు. కష్టమైంది ఆదివారం.

ప్రతి ఆదివారం అమ్మను టీవీఎస్ మీద చర్చి దాకా తీసుకొచ్చి, నాన్న ఎదురుగా వేపచెట్టు కింద బండి ఆపుకుని దాని మీదే కూర్చునేవాడు. పాటలు అక్కడిదాకా వినపడతాయి. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం అందరూ తీసుకుంటుంటే ఆయన బయటే. పాస్టరుగారు ఒకసారి పిలిచారట. "సంతకం పెట్టానయ్యగారూ" అన్నాడట నాన్న.

నేను సెలవుల్లో వచ్చినప్పుడు అడిగాను, ఎవరూ పట్టించుకోవట్లేదు కదా, లోపలికి వెళ్తే ఏమవుతుందని. "లోపలికెళ్తే ఆ సంతకం అబద్ధం. ఇంట్లో కూర్చుంటే ఇది అబద్ధం. అందుకని చెట్టు కింద" అన్నాడు. ఐదేళ్ళు.

మన ఓటరు మతం చూసి ఓటేస్తాడని టీవీ చర్చల్లో తేలిగ్గా అనేస్తుంటారు. నాకు మాత్రం మా డెల్టా చరిత్ర వేరేగా కనిపిస్తుంది. మా పామర్రు పక్క నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్, తెర మీద కృష్ణుడైనాయన, 1983లో గుడివాడ నుంచి, తిరుపతి నుంచి గెలిచాడు. వుయ్యూరు దగ్గర ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా కూతురు చెన్నుపాటి విద్య విజయవాడ నుంచి రెండుసార్లు, 1980లో, 1989లో, ఎంపీ అయింది. దేవుడి వేషం వేసినాయనకూ వేశారు, దేవుడు లేడన్న ఇంటి ఆడపడుచుకూ వేశారు. క్రైస్తవుడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డిని 2004లో, 2009లో గెలిపించారు. ఆయన కొడుకు జగన్‌కు 2019లో 175కి 151 సీట్లిచ్చారు, 2024లో 11 ఇచ్చారు. ఆ ఐదేళ్ళలో ఆయన చేసే ప్రార్థన మారలేదు. తిరుమల డిక్లరేషన్ మీద 2024 సెప్టెంబర్‌లో జరిగినంత రభస నిజమే. కానీ అది ఓట్లు పడ్డాక జరిగింది.

ఇంకో మాట. పులివెందుల జనరల్ సీటు. అక్కడ నిలబడేవాణ్ణి నీ మతమేదని ఏ చట్టమూ అడగదు. రెడ్డి క్రైస్తవుడైనా రెడ్డే. కమ్మవారు చర్చికెళ్ళినా కమ్మవారే. మా పామర్రు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడ ఎమ్మెల్యేగా నిలబడాలన్నా, మా ఊళ్ళో ప్రెసిడెంటుగా నిలబడాలన్నా ముందు దేవుడి సంగతి తేలాలి. అమెరికాలో కాగితం అడగనిది జనం అడిగారు. మా దగ్గర జనం వదిలేసింది కాగితం అడుగుతోంది, అదీ ఒక్క పేటవాణ్ణే.

ఎదుటివాళ్ళ వాదన నాకు తెలుసు. క్రైస్తవంలో కులం లేదంటారు కదా, మరి కులం పేరుతో సీటెందుకు? ఇటూ అటూ రెండు లాభాలెందుకు? చర్చికి వెళ్ళని దళితుల వాటా తగ్గదా? ఈ చివరి ప్రశ్నను నేను కొట్టెయ్యలేను. మొదటిదానికి జవాబు మా ఊళ్ళోనే ఉంది. బాప్తిస్మం తీసుకుని కాలవలోంచి పైకొచ్చిన మనిషిని గట్టు మీదున్నవాళ్ళు పాత కులం పేరుతోనే పిలిచారు. శ్మశానం మారలేదు, పిల్లనిచ్చే ఇళ్ళు మారలేదు. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ సీటు కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టి హిందువైనవాణ్ణి కులంవాళ్ళు ఒప్పుకుంటే కులం తిరిగొస్తుందంది. పోయిన కులం తిరిగి రావడానికి కులంవాళ్ళ మాట చెల్లుతుంది. పోనేలేదని అదే కులంవాళ్ళు చెప్తే మాత్రం చెల్లదు.

2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. 2025లో మన హైకోర్టు, మతం మారినవాడికి ఎస్సీ రక్షణ చట్టం వర్తించదని ఒక పాస్టర్ పెట్టిన కేసు కొట్టేసింది. 'మోసం' అనే మాట పేపర్లో చదివిన రోజు నేను ఆఫీసులో పని చెయ్యలేకపోయాను.

ఎందుకంటే నా ఇంజనీరింగ్ సీటు కూడా ఆ సర్టిఫికెట్‌తో వచ్చిందే. నేను బాప్తిస్మం తీసుకోలేదు. చదువయ్యాక అన్నారు, ఉద్యోగం వచ్చాక అన్నారు, ఈలోగా నాకే నమ్మకం పలచబడింది. అంటే చట్టం లెక్కలో నేను నిజాయితీపరుణ్ణి, నమ్మిన నాన్న మోసగాడు. ఈ లెక్క నాకు మింగుడు పడదు. నమ్మకం లేకపోవడం వల్ల నాకు దక్కిన నిజాయితీని ఏం చేసుకోను? ఇది రాస్తానని నాన్నను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "పేర్లు లేకుండా రాయి" అన్నాడు.

పంచాయతీల గడువు 2018 ఆగస్టులో అయిపోయింది. ఆ నెలాఖరున నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆదివారం నాన్న ఎప్పట్లాగే వేపచెట్టు కింద బండి స్టాండు వేశాడు. చెప్పులు విడిచి అమ్మ వెనకే లోపలికొచ్చాడు. పాట జరుగుతోంది, ఎవరూ తల తిప్పలేదు. మగవాళ్ళ వైపు చాప మీద, ఎన్నికల్లో ఓడిపోయినాయన కూర్చుని ఉన్నాడు. ఓడిపోయాడు కాబట్టి ఆయన ఆ ఐదేళ్ళూ లోపలే ఉన్నాడు. నాన్నను చూసి కొంచెం పక్కకు జరిగాడు.

"రండి ప్రెసిడెంటుగారూ" అన్నాడు, పాటల పుస్తకం ఇద్దరికీ కనపడేలా మధ్యలో పెడుతూ.