భిక్నూరు నుంచి పట్నానికి: ఏ పేటలో దిగాలి?

భిక్నూరు పేరు విననివారు సైతం భిక్నూరు మీదుగా ప్రయాణం చేసే ఉంటారు. హైదరాబాదు నుంచి నాగపూరుకు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి ఆ ఊరిని ఒరుసుకొని పోతుంది. కామారెడ్డి ఇంకొంచెం దూరం ఉందనగా టోల్‌గేటు తగులుతుంది. ఊళ్ళోకి వెళితే సిద్ధరామేశ్వరస్వామి గుడి. మావాళ్ళు దాన్ని దక్షిణ కాశి అంటారు. తెలంగాణ విశ్వవిద్యాలయం వారి దక్షిణ ప్రాంగణమూ ఇక్కడే ఉన్నది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు భిక్నూరు నిజామాబాదును వదలి కామారెడ్డి జిల్లాలో చేరింది.

అటువంటి ఊరు విడిచి పట్నం చేరవలసివస్తే ఏ పేటలో దిగాలి? సికింద్రాబాదులో ఒక కళాశాలలో నాకు తెలుగు చెప్పే ఉద్యోగం దొరకగానే ఈ ప్రశ్న మా ఇంట్లో వచ్చిపడింది. అమ్మాయికి మూడో తరగతి. అబ్బాయి ఇంకా పలకా బలపం దశలోనే ఉన్నాడు. మా అమ్మ మాత్రం ఊరు కదలనన్నది.

సలహాలకు కొదువ లేదు. ఎవరి పేట వారికి కాశి. మాదాపురంలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు, “మామయ్యా, సైబర్ టవర్స్ వచ్చిన 1998 నుంచి పట్నమంతా ఇటే నడిచి వస్తున్నది. మీరూ వచ్చెయ్యండి” అన్నాడు. అక్కడి అద్దె విన్నాక మా ఆవిడ, “పట్నం నడిచి వస్తే రానివ్వండి. మన జీతం కూడా నడిచివచ్చినప్పుడు చూద్దాం” అన్నది.

నా మనసు చిక్కడపల్లి మీద ఉండేది. గ్రంథాలయం అక్కడే, త్యాగరాయ గానసభ అక్కడే. సుల్తాన్‌బజారులో 1901లో వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమూ దగ్గరే. తెలుగు మేష్టరుకు అంతకన్న ఏం కావాలి? కాని పిల్లలకు కావలసింది వేరు. ఆ రద్దీలో మూడో తరగతి పిల్ల ఒంటరిగా రోడ్డు దాటగలదా అన్నది మా ఆవిడ ప్రశ్న. జవాబు నాకు దొరకలేదు.

అప్పుడు మా అమ్మ ఒక్క మాట చెప్పింది. “ఏ గల్లీలనన్న ఉండుండ్రి బిడ్డా. గని పొద్దుగాల బస్సెక్కితె మాపటికి నేను మల్ల ఇంటికి రావాలె.”

ఆ మాట వినగానే పట్నం పటం సగం చిన్నదయింది. మా ఊరి బస్సు రామాయంపేట, చేగుంట, తూప్రాన్, మేడ్చల్ దాటి కొంపల్లి, సుచిత్ర, బోయినపల్లి మీదుగా జూబ్లీ బస్టాండు చేరుతుంది. మా ఊరి రైలు పట్టాలు మేడ్చల్, బొల్లారం, అల్వాల్ గుండా సికింద్రాబాదు పోతాయి. అంటే మాకు పట్నం ఉత్తరపు వాకిలి తెరిచే ఉన్నదన్నమాట. మా వైపు వారు చాలామంది ఆ దారి పొడుగునా కాపురముండడానికి కారణం నాకప్పుడు తెలిసింది.

ఇక నీటి సంగతి. తెలుగు ఎమ్మే చదివినవాడిని గనుక పేర్లమీద ధ్యాస పోయింది. నల్లకుంటలో కుంట కానరాదు. మాసాబ్ ట్యాంకులో ట్యాంకు లేదు. నీళ్ళు పోయినా పేర్లు మిగిలాయి. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచిన తరువాత, 1920లో ఉస్మాన్ సాగరూ, 1927లో హిమాయత్ సాగరూ కట్టి నదికి కళ్ళెం వేశారు. మరి చిన్న చెరువుల సంగతి? 2020 అక్టోబరు వానలకు ఫాక్స్‌సాగర్ పొంగి, కొంపల్లి వైపు ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్ళలో నిలిచింది. ఆ కాలనీ మా దారిలోనిదే!

అందుచేత ఆదివారాల్లో ఇళ్ళు చూడబోయినప్పుడు ఇంటి యజమానిని నేనేమీ అడగలేదు. వీధి మొగలో ఇస్త్రీ బండివాణ్ణి అడిగాను. “ఆ ఏడు నీళ్ళు ఎందాక వచ్చినయి?” అంటే అతను చేత్తో మోకాలో, నడుమో చూపేవాడు. “ఇటు రాలేదు సార్, ఇది మెట్ట” అన్నచోట ఆగాము. అది అల్వాల్‌లో ఒక గల్లీ. ఉదయం ఎనిమిదింటికి పిల్లలతో బడిదాకా నడిచి చూశాము. పది నిమిషాలు, పెద్ద రోడ్డు దాటే పని లేదు. ఇంట్లో గదులు చిన్నవే. నా పుస్తకాల బీరువా వంటింటి గుమ్మం పక్కన నిలబడవలసి వచ్చింది.

చిక్కడపల్లి కూడా నాకు పూర్తిగా దూరం కాలేదు. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్టాండు నుంచి మహాత్మాగాంధీ బస్టాండుకు మెట్రో మొదలయింది. చిక్కడపల్లి ఆ దారిలోనే తగులుతుంది. సెలవునాడు పిల్లలకు బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉన్నది. 1860 నాటి కట్టడమది. 2023 నుంచి ఏడాది పొడుగునా ప్రజలను రానిస్తున్నారు.

మా అమ్మ మొదటిసారి వచ్చి, గదులు చూడలేదు, కొళాయి తిప్పలేదు. “బతుకమ్మను ఏడ సాగదోలుతరు?” అని అడిగింది. అల్వాల్ చెరువు చూపించాము. గట్టుమీద నిలబడి నీళ్ళను, తరువాత మా గల్లీ వైపు ఎత్తును కాసేపు పరకాయించింది.

“చెరువు దగ్గరుండాలె, ఇల్లు మీదుండాలె. మంచిగనే చూసిండ్రు” అని, ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.