మారిపోయాడన్న మాటతో ఆగిపోయే మందు

మనోవ్యాధులకు చికిత్స చేసే వైద్యుడికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పదేపదే ఎదురయ్యే నిరాశ ఒకటుంది: గుణమిస్తున్న మందును, మనసు విరిచిన మనిషి తిరిగివచ్చి రెండు తీపి మాటలు చెప్పిన రోజునే రోగి మానివేయడం. నిద్రపట్టక, గుండె దడదడలాడి, ఒళ్ళంతా మంటలని చెప్పుకుంటూ వచ్చే ఈ యువతుల్లో చాలామంది అప్పటికే ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లూ బలానికి సూదులూ వేయించుకొని, గాలి సోకిందన్న అనుమానంతో తాయెత్తులు కట్టించుకొని, చిట్టచివరికి మానసిక వైద్యుడి గడప తొక్కినవారే. కుంగుబాటు అని గుర్తించి మందు మొదలుపెడితే కొద్ది వారాల్లో నిద్ర కుదుటపడుతుంది, అన్నం సయిస్తుంది. సరిగ్గా అప్పుడే “మారిపోనాడండి, ఇప్పుడు బాగానే చూసుకుంటన్నాడు” అన్న కబురు వస్తుంది. మాత్రలు సగంలో ఆగిపోతాయి. కొన్ని నెలలకు అదే యువతి మునుపటికన్నా చిక్కిపోయి, తలెత్తి మాట్లాడటానికే సిగ్గుపడుతూ మళ్ళీ వస్తుంది. మందు మానినందుకు కలిగే విసుగుకన్నా ఆ సిగ్గును చూసినప్పుడు కలిగే బాధ ఎక్కువ.

ఆమెను ఆకట్టుకొని, గాయపరచి, మళ్ళీ పిలిచే ఆ వ్యక్తి స్వభావాన్ని మనస్తత్వశాస్త్రం నార్సిసిజం, అంటే స్వీయమోహం అంటుంది. తన గొప్పతనం గురించి అతిశయించిన ఊహ, ఇతరుల మెప్పు కోసం తీరని ఆకలి, ఇతరుల బాధ తనకు తగలకపోవడం ఇందులో కలిసి ఉంటాయి. ఫ్రాయిడ్ 1914లో దీనిపై ప్రత్యేక వ్యాసం రాశాడు; అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో దీన్ని వ్యక్తిత్వ రుగ్మతల జాబితాలో చేర్చింది. ఆ సంఘపు నేటి ప్రమాణాల ప్రకారం రుగ్మత అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు యౌవనారంభం నుంచీ స్థిరంగా కనిపించాలి కనుక, అద్దం ముందు ఎక్కువసేపు నిలబడే ప్రతి యువకుడికీ, ఫోనులో తన ఫొటోలు పెట్టుకొనే ప్రతి అమ్మాయికీ ఈ పేరు తగిలించడం అన్యాయం.

ప్రేమలో ఈ స్వభావం ఎటు మొగ్గుతుందో అమెరికా మనస్తత్వవేత్త కీత్ క్యాంప్‌బెల్ 1999లో ప్రచురించిన అధ్యయనాల్లో చూపాడు. స్వీయమోహం ఎక్కువగా ఉన్నవారు తమను ఆరాధించేవారివైపు, నలుగురూ మెచ్చే అందమో హోదానో ఉన్నవారివైపు మొగ్గుతారు. మనసిచ్చి ఆప్యాయత పంచేవారు వారిని అంతగా ఆకర్షించరు, ఎందుకంటే తోడు అన్నది వారికి ప్రధానంగా తమ విలువను పెంచుకొనే మార్గం. ఎదుటివారు వీరికి ఎందుకు ఆకర్షితులవుతారన్న సంగతిని 2010లో మిత్యా బాక్ బృందం జర్మనీ విద్యార్థులలో పరిశీలించింది: తొలి పరిచయంలో అందరికీ ఎక్కువ నచ్చినవారు స్వీయమోహులే, అందుకు కారణాలు మెరిసే దుస్తులు, ధీమా నిండిన నడక, ఆకట్టుకొనే ముఖకవళికలు, చమత్కారపు మాట. అంతకుముందే, 1998లో డెల్‌రాయ్ పాల్‌హస్ అధ్యయనంలో, తమను తాము ఎక్కువచేసి చూపుకొనేవారికి తొలి సమావేశంలో దక్కిన మెప్పు ఏడో సమావేశానికి మిగలలేదు.

ఈ పరిశోధనలకు వందేళ్ళ ముందే విజయనగరంలో ఈ స్వభావం రంగస్థలం ఎక్కింది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో గురజాడ అప్పారావు చేతిలోనే మళ్ళీ పెరిగిన కన్యాశుల్కం నాటకంలోని గిరీశం కల్పిత పాత్ర. కల్పిత పాత్రకు రోగనిర్ధారణ చేయడం వైద్యుడి పని కాదు, అయినా ఆకర్షణ అడుగడుగునా ఎలా నడుస్తుందో అంత స్పష్టంగా చూపిన రచన తెలుగులో అరుదు. పూటకూళ్ళమ్మ సొమ్ము వేశ్య మధురవాణికి ఖర్చుచేసి, గుట్టు బయటపడ్డాక విజయనగరం విడిచి, శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరిన గిరీశం, అర్థంకాని ఇంగ్లీషు నాలుగు ముక్కలతో శిష్యుడి తల్లి వెంకమ్మను మురిపిస్తాడు; వ్యాజ్యాల్లో సాయపడతాడన్న ఆశతో ఆమె భర్త, కోపిష్టి అగ్నిహోత్రావధాన్లు మెత్తబడతాడు; సంఘసంస్కరణ మాటలతో వకీలు సౌజన్యారావు పంతులు వంటి నిజాయితీపరుడి మన్నననూ పొందుతాడు. ఇంతమంది పెద్దలు నమ్మిన మనిషిని, చిన్నతనంలోనే వితంతువై ఆదరించే మాటకు మొహంవాచిన అగ్నిహోత్రావధాన్లు కూతురు బుచ్చమ్మ నమ్మితే అది ఆమె తెలివితక్కువ ఎలా అవుతుంది? మధురవాణి ఒక్కతే మోసపోలేదంటే, ఆమె అతన్ని చాలాకాలంగా, చేతిలో డబ్బు లేని రోజుల్లోనూ చూసింది కాబట్టి.

వైద్యుడు ఆ పెద్దలకన్నా మెలకువగా ఉంటాడనుకోవడానికి వీలులేదు. భార్యతో ఒక్కసారి వచ్చి, ఆమె చెప్పవలసిన జవాబులన్నీ తానే చెప్పి, పది నిమిషాలు వినయంగా కూర్చొని వెళ్ళే భర్త ఆసుపత్రిలో అందరికీ నచ్చుతాడు. ఆమెతో విడిగా మాట్లాడకుండా ముగించిన పరీక్ష పరీక్షే కాదు. “చదువుకున్నదానివి, ఎలా నమ్మావు?” అన్న ప్రశ్న ఆ గదిలో కన్నతల్లి అడిగినా వైద్యుడు అడ్డుపడాలి.

తిరిగివచ్చినవాడిని ఆమె ఎందుకు కాదనలేదో కూడా కుటుంబానికి విడమరచి చెప్పాలి. ఆదరణ ఎన్నడూ దొరకకపోతే మనసు ఎలాగో సమాధానపడుతుంది. అవమానాల నడుమ ఎప్పుడో ఒకసారి దొరికే ఆదరణను మాత్రం వదులుకోలేదు. నాలుగు రోజులు ఖాళీగా వచ్చిన వల అయిదో రోజు నిండితే మరునాడు వేటకు వెళ్ళని మత్స్యకారుడు ఈ తీరంలో ఉండడు. డటన్, పెయింటర్ అనే పరిశోధకులు 1981లోనే ఈ బంధాన్ని వర్ణించి, హింసకూ ఆదరణకూ మధ్య ఊగే సంబంధం మనిషిని మరింత గట్టిగా కట్టివేస్తుందని చెప్పారు. స్వీయమోహి మారడా అంటే, మారవచ్చు; అతని ధీమా కింద కూడా గాయపడిన మనసు ఉండవచ్చు, దీర్ఘకాలం సాగే మానసిక చికిత్సతో, అంటే మాటల ద్వారా చేసే వైద్యంతో, నెమ్మదిగా మెరుగుపడేవారున్నారు. కానీ ఆ స్వభావానికంటూ మాత్ర లేదు, ఏ చికిత్సా లేకుండా ఒక్క ఫోనుతో వచ్చిన మార్పును నమ్మి ఆమె తన మాత్రలు మానకూడదు.

కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి మత్తుమందుల్లా వ్యసనం అయ్యేవి కావు. నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. వైద్యుడు చెప్పినట్టు క్రమంగా తగ్గించాలి.

విశాఖలోని చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు వింటేనే జంకే కుటుంబాలకు, 2022 అక్టోబర్ 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చని తెలియాలి. మాటలతో, అవమానాలతో పెట్టే బాధను 2005 నాటి గృహహింస చట్టం హింసగానే గుర్తిస్తుందనీ, అటువంటప్పుడు మహిళలు సహాయవాణి 181కు ఫోను చేయవచ్చనీ తెలియాలి. కన్యాశుల్కం నాటకం చివర సౌజన్యారావు, గిరీశంతో వెళ్ళిపోయిన బుచ్చమ్మను దోషిగా నిలబెట్టలేదు. పూనాలోని వితంతు శరణాలయానికి పంపించే ఏర్పాటు చేశాడు. నేటి రోగికి అంతదూరం అక్కరలేదు. మందు పూర్తయ్యేదాకా పుట్టింట్లో చోటు, ఆగిన చదువునో ఉద్యోగాన్నో మళ్ళీ మొదలుపెట్టే వీలు, నెలకొకసారి ఆసుపత్రికి తోడు వచ్చే అప్పో పిన్నో కావాలి.