పాదాల కింద బ్రేకాయిలు

మా యింట్లో ఓ పాత విల్లీసు జీపుంది. మిరప బస్తాలూ, కూలీలూ అందులోనే. నాన్న పొద్దున్నే ఇంజనాయిలు, రేడియేటరు నీళ్ళు, టైర్లలో గాలి చూస్తారు. బ్రేకాయిలు మాత్రం ఎవరికీ గుర్తురాదు, కంటికి కనబడదు గనుక. ఈనాటి కార్లలో బానెట్ ఎత్తగానే తెల్లని ప్లాస్టిక్ డబ్బా, దానిమీద పై గీత, కింది గీత ఉంటాయి. విల్లీసులోనో, డ్రైవరు పాదాల దగ్గర నేలరేకు కింద దాక్కుంటుంది.

సెలవుల్లో జీపును చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్ళడ్డం పెట్టి రేకు విప్పాను. మట్టి లోపల పడకుండా ముందు మూత చుట్టూ శుభ్రంగా తుడిచాను. మట్టం బాగానే ఉంది, కానీ ఆయిలు టీ డికాషను రంగుకు తిరిగింది.

పాస్కల్ సూత్రం మనమంతా వల్లించిందే. నొక్కితే ద్రవం కుంచించుకోదు, అందుకే కాలి ఒత్తిడి చక్రం దాకా పోతుంది. ఆవిరైతే కుంచించుకుంటుంది. డాట్-3 ఆయిలు కొత్తలో కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక 140 దగ్గరే మరగొచ్చు. ఘాట్ దిగుతూ బ్రేకులు వేడెక్కాయంటే పెడలు నేలకంటుతుంది!

ఈ లెక్క చెప్పేసరికి నాన్న ఆయిలు మొత్తం మార్పించారు. "బస్తాలు పోతే మళ్ళీ పండించుకుంటాం. కూలీలు మనల్ని నమ్మి ఎక్కుతారు గదరా" అన్నారు.